ఊడిన పిన్ లాకు, తెగిన సిలిండర్: 56 సీసీ టూ స్ట్రోక్ చైన్ సా ఇంజన్ కేస్ స్టడీ

ఇంజన్ వివరాలు: గాలితో చల్లబడే సింగిల్ సిలిండర్ టూ స్ట్రోక్. బోర్ 46 మి.మీ., స్ట్రోక్ 34 మి.మీ. లోడ్ లేనప్పుడు గరిష్ఠ వేగం 12,500 ఆర్‌పీఎం. అల్యూమినియం సిలిండర్, లోపల నికసిల్ (నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన గట్టి) పూత. పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిస్టన్ పిన్ను 12 మి.మీ. పిన్నుకి రెండు పక్కలా 1 మి.మీ. గుండ్రటి స్ప్రింగ్ తీగతో చేసిన సి ఆకారపు లాకులు. సర్క్లిప్ అన్నా, క్లిప్పు అన్నా, షెడ్లలో లాకు అన్నా అదే.

వచ్చిన కంప్లయింట్: కొత్త పిస్టన్ కిట్టు వేయించిన తర్వాత కొద్ది ట్యాంకుల పెట్రోలు కూడా ఖర్చు కాలేదు. దుంగ కోస్తుండగా టకటకమని శబ్దం వచ్చి, పవర్ పడిపోయి ఇంజన్ ఆగింది. తర్వాత తాడు లాగితే తిరుగుతోంది కానీ చేతికి బిగువు తగలడం లేదు. గేజి పెడితే కంప్రెషన్ 55 పీఎస్ఐ. ఇదే ఇంజన్ ఆరోగ్యంగా ఉంటే 140 నుంచి 160 మధ్య చూపించాలి.

విప్పకముందే తెలిసింది

టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ విప్పితే చాలు, ఎగ్జాస్ట్ పోర్టులోంచి పిస్టన్ ముఖం కనిపిస్తుంది. ఇక్కడ ఆ పక్క శుభ్రంగా ఉంది, గీతలు లేవు. ఆయిల్ కలపకుండా నడిపినా, మిక్స్చర్ లీన్ (పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ) అయినా ముందు కాలేది ఎగ్జాస్ట్ వైపే. కాబట్టి సీజ్ (పిస్టన్ వేడికి సిలిండర్‌లో పట్టేయడం) అన్న అనుమానం అక్కడితో పోయింది. ప్లగ్గు తీసి చూస్తే ఎలక్ట్రోడ్ దగ్గర చిన్న దెబ్బ, సందు మూసుకుపోయి ఉంది. అంటే పైన ఏదో గట్టి ముక్క తిరిగింది. ఇక తాడు లాగకూడదు. లాగిన ప్రతిసారీ ఆ ముక్క మరో చోట కొరుకుతుంది.

సిలిండర్ ఎత్తాక కనిపించినవి:

ఎడమ గోడ మీద 1 మి.మీ. వెడల్పున నిలువు గాడి, పూత దాటి అల్యూమినియం దాకా తెగింది. ఎడమ ట్రాన్స్‌ఫర్ పోర్టు (క్రాంక్‌కేస్ నుంచి మిక్స్చర్ పైకి వచ్చే రంధ్రం) పై అంచు చిట్లి, పూత పెచ్చుగా లేచింది. పిస్టన్ తల మీద, హెడ్డు లోపలి గోపురం మీద గుంటలు. పిస్టన్ పిన్ను ఎడమకి 2 మి.మీ. జరిగి ఉంది, ఆ వైపు లాకు లేదు. కుడి లాకు ఉంది.

ఇక్కడ ఒక కొలత తీసుకోవడం మంచిది. చాలామంది తీయరు. గోడ మీది గీత పొడవెంత, పై చివర ఎక్కడ ఆగింది అన్నది చూడాలి. రింగు విరిగి గీసి ఉంటే గీత దాదాపు సిలిండర్ పైదాకా, రింగు వెళ్లేంత ఎత్తుకి వెళ్తుంది. లాకు గానీ పిన్ను గానీ గీస్తే ఆ గీత పిన్ను ఉన్న ఎత్తులోనే మొదలై, స్ట్రోక్‌కి కాస్త అటూఇటుగా ఉన్న పొడవుతో ఆగిపోతుంది. ఇక్కడ గీత 36 మి.మీ., పై చివర రింగు తిరిగే చోటు కంటే బాగా కింద ఉంది. రింగులు చెక్కుచెదరలేదు. ముందు లాకు బయటికి వచ్చి గోడకి రాసుకుంది, తర్వాత ట్రాన్స్‌ఫర్ పోర్టు దగ్గర విరిగింది, ముక్కలు పోర్టు గుండా పైకి ఎగిరి పిస్టన్‌కీ హెడ్డుకీ మధ్య నలిగాయి. ఈ రకం ఇంజన్లలో పిన్ను అడ్డంగా, క్రాంక్‌కి సమాంతరంగా ఉంటుంది. పిన్ను కొనలు రెండూ ట్రాన్స్‌ఫర్ పోర్టుల వైపే చూస్తాయి కాబట్టి ఊడిన లాకు ముక్కకి ఆ దారి ఎప్పుడూ దగ్గరే.

ముక్కల లెక్క

మూడు ముక్కలు దొరికాయి. రెండు ట్రాన్స్‌ఫర్ దారిలో, ఒకటి సైలెన్సర్‌లో. వాటిని తెల్ల కాగితం మీద వరసగా పెట్టి, కుడి వైపు నుంచి తీసిన లాకుని పక్కన పెట్టి కొలిస్తే: మొత్తం లాకు తీగ పొడవు 33 మి.మీ., ముక్కల మొత్తం 27. ఇంకా 6 మి.మీ. ఎక్కడో ఉంది.

ఈ లెక్క తేలకుండా ఇంజన్ మూయడం అంటే రెండో సిలిండర్‌ని కూడా పోగొట్టుకోవడమే. స్ప్రింగ్ తీగ అయస్కాంతానికి అంటుకుంటుంది. సన్నటి కడ్డీ అయస్కాంతంతో క్రాంక్‌కేస్ (క్రాంక్ తిరిగే కింది పెట్టె) అడుగు, క్రాంక్ వెబ్‌ల (క్రాంక్‌కి ఉండే బరువైన పలకల) వెనక వెతికితే ఎడమ మెయిన్ బేరింగ్‌కి ఆయిల్ వెళ్లే గాటులో నల్లటి ఆయిల్ జిగురుకి అతుక్కుని ఉన్న ముక్క వచ్చింది. కొలిస్తే 6. ఆ తర్వాత క్రాంక్‌కేస్‌ని పెట్రోల్‌తో కడిగి, తలకిందులు చేసి ఒంపి, మళ్లీ కడిగాం. కంప్రెసర్ గాలి కొట్టేటప్పుడు బేరింగ్‌ని చేత్తో ఆపి పట్టుకోవాలి. ఆయిల్ లేని బేరింగ్‌ని గాలితో గిర్రున తిప్పితే బాల్స్, రేసు గీసుకుపోతాయి. బేరింగ్ చేతికి మెత్తగా, ఎక్కడా తట్టకుండా తిరిగింది కాబట్టి ఉంచాం. ఎక్కడైనా కొంచెం తట్టినా మార్చాల్సిందే.

ఎందుకు ఊడింది?

"లాకు మెత్తటిది, నాసిరకం" అని చెప్పి కొత్తది వేయడం తేలిక. కానీ కారణం పిన్నులోనో రాడ్‌లోనో ఉంటే కొత్త లాకూ ఊడుతుంది. అనుమానాలు మూడు, ఒక్కోదానికీ ఒక్కో ఆనవాలు ఉంటుంది.

మొదటిది, పిన్ను పక్కకి తన్నడం. కనెక్టింగ్ రాడ్ వంగి ఉంటే పిన్ను ప్రతి తిరుగుడుకీ ఒకే వైపు నెట్టుతుంది. అప్పుడు పిస్టన్‌లోని లాకు గాడి బయటి పెదవి సుత్తితో కొట్టినట్టు బయటికి వాలి, గుండ్రబడి ఉంటుంది. ఇక్కడ ఎడమ గాడి పెదవి మూడు వంతులకి పైగా పదునుగానే ఉంది. అయినా రాడ్‌ని చెక్ చేశాం: స్మాల్ ఎండ్‌లో (రాడ్‌కి పిన్ను దూరే పై కొనలో) బేరింగ్ ఉంచి 12 మి.మీ. నున్నటి పొడుగు కడ్డీ దూర్చి, క్రాంక్‌కేస్ పై ముఖానికి ఆనించి, రెండు పక్కలా ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్నటి రేకులతో) చూశాం. తేడా లేదు. రాడ్ తిన్నగా ఉంది.

రెండోది, గాడి సరిగా లేకపోవడం. పాత పిస్టన్‌లో మసి గట్టిపడి లాకు పూర్తిగా లోపలికి కూర్చోదు. కొత్త పిస్టన్‌లో అయితే మెషినింగ్ బర్ (కోత అంచున లేచిన లోహపు పొక్కు) మిగిలి ఉంటుంది. కుడి గాడిలో సూది మొన తిప్పితే ఎక్కడా పట్టలేదు, లోతు చుట్టూ ఒకేలా ఉంది. గాడి వ్యాసం 13.0, అంటే 12 మి.మీ. రంధ్రంలో చుట్టూ అర మి.మీ. లోతు. తీగ మందంలో సగం గాడిలో, సగం బయట. గుండ్రటి తీగ లాకుకి ఉండాల్సినదే ఇది.

మూడోది లాకు, దాన్ని కూర్చోబెట్టిన తీరు. దొంగ దొరికింది ఇక్కడే, అదీ మిగిలిన కుడి లాకు దగ్గర. ఇలాంటి కేసుల్లో మిగిలిన లాకుని తీసేముందు ఎలా ఉందో చూసి రాసుకోవాలి. ఊడినది నలిగి ముక్కలైపోయింది, అది చెప్పేది తక్కువ. రెండూ ఒకే చెయ్యి, ఒకే పద్ధతిలో ఎక్కించినవి.

కుడి లాకు నోరు, అంటే సి ఆకారంలో తెరిచి ఉన్న భాగం, సరిగ్గా తీసే గాటు (లాకుని బయటికి లాగడానికి పిన్ను రంధ్రం అంచున చెక్కిన నొక్కు) మీద ఉంది. ఈ పిస్టన్‌లో ఆ గాటు, తల పైకి పెట్టి చూస్తే, గడియారంలో 4 అంకె ఉండే చోట ఉంది. సూదికొక్కెంతో నెడితే లాకు గాడిలో సులువుగా తిరిగిపోతోంది. బయటికి తీస్తే కొనల దగ్గర నోస్ ప్లయర్ పళ్ల అచ్చులు. వ్యాసం కొలిస్తే 13.1 మి.మీ. అదే రకం కొత్త లాకు విడిగా 13.4 ఉంది. గాడి 13.0 కాబట్టి కొత్త లాకు గాడి గోడని 0.4 మి.మీ. నొక్కుడుతో పట్టుకుంటుంది. దీనికి మిగిలింది 0.1 మాత్రమే. ఎడమ గాడిలో కూడా ఆ గాటుకి పక్కనే పెదవి కొంతమేర మెరుస్తూ అరిగి ఉంది. లాకు కొన అక్కడే కొట్టుకుంటూ, మెల్లగా పైకి లేచి బయటపడింది.

ప్లయర్‌తో ఎంత నొక్కారన్నది లెక్కలో తెలుస్తుంది. 33 మి.మీ. తీగకి విడిగా ఉన్నప్పుడు నోరు సుమారు 6 మి.మీ. గాడిలో కూర్చున్నాక సుమారు 4.7. 12 మి.మీ. రంధ్రం గుండా వెళ్లాలంటే నోరు 1.6 మి.మీ. దాకా మూసుకోవాలి. అంతకంటే నొక్కాల్సిన పని లేదు. కొన కొన తగిలేదాకా, లేదా ఒకదాని మీద ఒకటి ఎక్కేదాకా పట్టారంటే తీగ సాగే హద్దు దాటి, కొంచెం వంగిపోయి, చిన్నదైపోతుంది. మామూలుగా ఎక్కించినా ఈ సన్నటి తీగ తన హద్దు దగ్గరదాకా వెళ్లి వస్తుంది. ఒకసారి ఎక్కించి తీసిన లాకుని మళ్లీ వాడకూడదన్నది అందుకే. చూడటానికి కొత్తదానిలాగే ఉంటుంది, వ్యాసం కొలిస్తే గానీ బయటపడదు.

నోరు ఎటు ఉండాలి, ఎందుకు?

12,500 ఆర్‌పీఎం దగ్గర, 34 మి.మీ. స్ట్రోక్‌తో, పిస్టన్ పైచివర ఆగి కిందికి మళ్లే క్షణంలో త్వరణం భూమి ఆకర్షణకి దాదాపు 3,800 రెట్లు. లాకు బరువు 0.2 గ్రాము. ఆ క్షణంలో అది ముప్పావు కిలో బరువున్నట్టు పైకి లాగుతుంది. సెకనుకి 208 సార్లు.

ఈ లాగుడు ఎప్పుడూ సిలిండర్ పొడవునే, పైకీ కిందికీ. నోరు 6 అంకె దగ్గర గానీ 12 అంకె దగ్గర గానీ ఉంటే లాకు రెండు చేతులూ లాగుడుకి సమాంతరంగా, రెండు పక్కలా సమానంగా ఉంటాయి. బలం తీగని గాడి అడుగుకే ఒత్తుతుంది. నోరు 3 వైపో 9 వైపో ఉంటే ఒక చెయ్యి పైన, ఒకటి కింద అడ్డంగా పడుకుంటాయి. పైకి లాగినప్పుడు కింది చెయ్యి లోపలికి వంగుతుంది, కిందికి లాగినప్పుడు పై చెయ్యి. అలా వంగిన ప్రతిసారీ లాకు వ్యాసం తగ్గి, గాడి పట్టు వదులుతుంది. 4 అంకె అంటే దాదాపు అదే స్థితి. పైగా గాటు దగ్గర గాడికి బయటి పెదవి ఉండదు. కొనలు, అంటే ఎక్కువ కదిలే భాగం, ఆధారం లేని చోట పడ్డాయి.

"రేపు తీయడానికి వీలుగా" అని నోరుని గాటు మీద పెట్టేవాళ్లున్నారు. నిజానికి తీయడానికి కూడా అది అడ్డమే. గాటు ఉన్నది కొక్కెం మొన తీగ కిందికి దూరడానికి. నోరు అక్కడే ఉంటే కొక్కేనికి తగలడానికి తీగే ఉండదు.

పై, కింద రెంటిలో ఏది? మాన్యువల్ ఏది చెబితే అది. ఏమీ చెప్పకపోతే కింద, 6 దగ్గర పెట్టడం మేలు. అన్నిటికంటే పెద్ద లాగుడు పైచివర వచ్చేది, అప్పుడు లాకు మూసి ఉన్న వీపు భాగం గాడిలోకి ఒత్తుకుంటుంది. ఒకవేళ గాటే సరిగ్గా కింద ఉన్న పిస్టన్ అయితే నోరు పైకి.

మార్చినవి

సిలిండర్, పిస్టన్, రింగులు, పిన్ను, స్మాల్ ఎండ్ నీడిల్ బేరింగ్, బేస్ గ్యాస్కెట్, ఎగ్జాస్ట్ గ్యాస్కెట్, ప్లగ్గు. లాకులు కిట్టులో రెండు వస్తాయి. ఎక్కించేటప్పుడు ఒకటి ఎగిరిపోతే పాతది వాడాలన్న ఆశ పుట్టకుండా మరో రెండు విడిగా తెప్పించాం.

సిలిండర్‌ని కాపాడొచ్చా అని అడుగుతారు. పూత మీద అల్యూమినియం అంటుకుని ఉంటే యాసిడ్‌తో తీసి శుభ్రం చేయొచ్చు. పూతే తెగిపోతే, ముఖ్యంగా పోర్టు అంచు దగ్గర లేస్తే, రింగు అక్కడ తట్టుకుని విరుగుతుంది. ఇనుప లైనర్ ఉన్న సిలిండర్‌లా దీన్ని ఓవర్‌సైజ్‌కి బోర్ కొట్టి వాడలేం.

ఎక్కించిన పద్ధతి

ముందు క్రాంక్‌కేస్ నోరు మూయాలి. పోగులు రాలని శుభ్రమైన గుడ్డని రాడ్ చుట్టూ రెండు పొరలుగా సర్ది, మూలలదాకా నొక్కి పెట్టాం. కాటన్ వేస్ట్ వద్దు, దాని దారాలు బేరింగుల్లోకి పోతాయి.

పిస్టన్ ఇంకా బల్ల మీద ఉండగానే ఒక వైపు లాకు ఎక్కించేయాలి. ఇంజన్ మీద చెయ్యి సరిగా అందని వైపుది ముందు. ఇక్కడ ఆ వైపు కుడిది. దీంతో ఇంజన్ మీద చేయాల్సిన కష్టమైన పని సగానికి తగ్గుతుంది.

ఎక్కించేముందు గాడిలో సూది మొన చుట్టూ తిప్పి బర్ ఉందేమో చూడాలి. పట్టిన చోట మెల్లగా తీసేసి, కడిగి, గాలి కొట్టాలి. స్క్రూ డ్రైవర్‌తో గీకితే గాడి పెదవి పోతుంది.

పిన్ను చేత్తో నెడితే దూరాలి. బిగువుగా ఉంటే సుత్తి వద్దు, స్మాల్ ఎండ్ మీద పడే ఆ దెబ్బలకే రాడ్ వంగుతుంది. పిస్టన్‌ని వేడిగాలితో 80 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే చాలు. గది వేడి కంటే 50 నుంచి 60 డిగ్రీలు పెరిగితే 12 మి.మీ. అల్యూమినియం రంధ్రం సుమారు 0.015 మి.మీ. పెద్దదవుతుంది, పిన్ను జారిపోతుంది. పిన్నుకి, నీడిల్ బేరింగ్‌కి, రంధ్రాలకి టూ స్ట్రోక్ ఆయిల్ పూయాలి. పిస్టన్ తల మీది బాణం ఎగ్జాస్ట్ వైపు ఉందో లేదో ఇప్పుడే చూడాలి. రెండో లాకు వేశాక గుర్తొస్తే అది పారేయాల్సిందే.

ఇక రెండో లాకు. ప్లయర్‌తో నొక్కిపట్టి తోయడం కాకుండా ఇలా: నోరు కిందికి ఉండేలా లాకుని ఏటవాలుగా పట్టి, ఒక కొనని గాడిలో పెట్టి, ఎడమ బొటనవేలితో ఆ కొన జారకుండా ఆపాలి. మిగతా తీగని చుట్టూ కొంచెం కొంచెంగా, అంచు గుండ్రంగా రాసిన చిన్న చదును స్క్రూ డ్రైవర్‌తో లోపలికి ఒత్తుతూ పోవాలి. చివరి కొన దగ్గర గట్టిగా నొక్కాలి, అక్కడే అది ఎగిరేది కూడా. ఇంజన్‌నీ రెండు చేతుల్నీ కలిపి పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో ఉంచితే ఎగిరిన లాకు సంచిలోనే ఉంటుంది. కళ్లద్దాలు తప్పనిసరి.

తరచూ చేసే పని అయితే చిన్న టూల్ తిప్పించుకోవడం మేలు. లోపల కోనుగా సన్నబడి 12 మి.మీ. దగ్గర ముగిసే గొట్టం, దాంట్లో 11.8 మి.మీ. తోపుడు కడ్డీ. లాకుని వెడల్పు వైపు పెట్టి, గొట్టాన్ని పిన్ను రంధ్రానికి ఆనించి, కడ్డీ తోస్తే లాకు అవసరమైనంతే మూసుకుని, గాడి రాగానే తెరుచుకుంటుంది. ఎక్కువ నొక్కే వీలే ఉండదు. నోరు ఎటు ఉండాలో గొట్టం మీద గీత పెట్టుకోవచ్చు.

టక్ మన్నది కదా అని వదిలేయకూడదు. ఆ శబ్దం ఒక పక్క మాత్రమే కూర్చున్నా వస్తుంది. టార్చ్ వేసి చుట్టూ చూడాలి: గాడి బయట కనిపించే తీగ మందం అంతటా ఒకేలా ఉందా? ఎక్కడైనా ఎక్కువ కనిపిస్తే అక్కడ కూర్చోలేదు. తర్వాత కొక్కెంతో తీగని గాడిలో తిప్పే ప్రయత్నం చేయాలి. కొత్త లాకు మొండికేయాలి. చివరిగా అవతలి వైపు నుంచి పిన్నుని చెక్క పుల్లతో లాకు మీదికి మెల్లగా నెట్టి, ఇంకోసారి చూడాలి. పిన్ను రెండు లాకుల మధ్య కొద్దిగా అటూఇటూ జరగాలి. అస్సలు జరగకపోతే పిన్ను పొడవు తేడా, లేదా లాకు గాడి బయటే ఉంది.

పిన్ను కొన కూడా చూడాలి. గుండ్రటి తీగ లాకు వాడే చోట పిన్ను బయటి అంచుకి ఏటవాలు చెక్కుడు ఉంటుంది. పిన్ను పక్కకి నెట్టినప్పుడు ఆ వాలు తీగని ఇంకా గాడిలోకే ఒత్తుతుంది. చదును అంచున్న వేరే పిన్ను తెచ్చి వేస్తే ఆ సాయం పోయి, పిన్ను లాకుని సూటిగా బయటికి తోస్తుంది.

కొన్ని లాకులకి వంచిన తోక ఉంటుంది. లోపలికి వంగిన తోక పట్టుకోవడానికి, బయటికి వంగినది గాటులో కూర్చుని లాకు తిరగకుండా ఆపడానికి. ఆ రెండో రకంలో నోరు ఎటు అన్నది తోకే నిర్ణయిస్తుంది, మనం కాదు. పిస్టన్‌తో ఏ రకం వచ్చిందో అదే వేయాలి. రేకులోంచి పంచ్ చేసిన, చెవి రంధ్రాలున్న చదును సర్క్లిప్ అయితే ఒక ముఖం అంచు గుండ్రంగా, రెండోది పదునుగా ఉంటుంది. పదును అంచు బయటి వైపు, గుండ్రటిది పిన్ను వైపు.

ఫోర్ స్ట్రోక్ బైకు ఇంజన్‌లోనూ ఇదే పద్ధతి. అదనంగా క్యామ్ చైన్ దారికి కూడా గుడ్డ పెట్టాలి. అందులో పడ్డ లాకు చాలాసార్లు సైడ్ కవర్ విప్పిస్తుంది.

నడిపాక

గుడ్డ తీసి, పైన ఏమీ పడలేదని చూసి, రింగుల నోళ్లు రింగు గాడుల్లో ఉండే చిన్న ఆపుడు పిన్నుల దగ్గర ఉన్నాయని నిర్ధారించుకుని సిలిండర్ దించాం. ప్లగ్గు లేకుండా చేత్తో తిప్పితే ఎక్కడా తట్టలేదు. చల్లగా ఉన్నప్పుడు కంప్రెషన్ 145. మొదటి ట్యాంకు అయ్యేదాకా, లోడ్ లేనప్పుడు పూర్తి థ్రాటిల్ ఇవ్వకుండా నడపమన్నాం. ఆ ట్యాంకు అయ్యాక పిస్టన్‌ని కిందికి దించి, ప్లగ్గు రంధ్రంలోంచి చిన్న కెమెరాతో ఎడమ, కుడి గోడలు చూశాం. పిన్ను ఎత్తులో నిలువు గీత ఏదీ లేదు, పోర్టు అంచులు శుభ్రంగా ఉన్నాయి. కంప్రెషన్ 152.